రేవులో మూడో మనిషి

“ఆ ఫొటోకి ఫ్రేము కట్టి ఇవ్వడం నా వల్ల కాదవ్వా. వేరే ఏదైనా అడుగు, చేస్తాను,” అన్నాడు క్రాంతి కుమార్.

కౌంటరు అవతల మస్తానమ్మ కదల్లేదు. “ఊళ్లో అందరికీ ఫొటోలు తీసిస్తావు. మా అమ్మ ఫొటో ఒక్కటి అడిగితే కాదంటావేందబ్బయా? నేనేం పాపం చేసినాను?”

తోటపల్లి గూడూరు సెంటర్లో ఫొటోలు, జిరాక్సులు తీసే షాపు క్రాంతిది. ముందు రోజు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. పాత కాలువ రేవు, ఒడ్డున ఉప్పు పడవలు, నెత్తిన గంపలతో వరసగా నడిచే ఆడవాళ్లు, వెనక సరుగుడు చెట్లు. ‘మన రేవు, ఆ రోజుల్లో’ అని కింద రాశాడు. సాయంత్రానికల్లా ఊళ్లో పెద్దవాళ్లంతా ఆ రోజుల్లోకి వెళ్లిపోయారు. ఒకరు పడవెక్కి మద్రాసు పోయిన సంగతి చెప్పారు. ఇంకొకరు మొలగొలుకుల బియ్యం అన్నం వాసన గుర్తుచేశారు. రాత్రి పడవవాళ్లు పాడుకునే పాట ఒకావిడ సగం పాడి పంపింది. మిగతా సగం ఎవరికీ గుర్తు రాలేదు.

“ఇచ్చెయ్యరా, ముసలామె నిలబడి ఉంది,” అన్నాడు బెంచీ మీద పేపరు చదువుతున్న పద్మనాభయ్య. “నాకూ ఒకటి తియ్యి. ముందున్న పడవ మా నాయనది. తెరచాపకి ఆ మాసిక చూడు, మా అమ్మ కుట్టిందే.”

ఇక దాచడం తప్పనిపించింది క్రాంతికి. చదువుకున్నవాడు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

“అది ఫొటో కాదు తాతా. ఏఐ చేసిన బొమ్మ. రేవు గురించి మా జేజినాయన చెప్పిన మాటలన్నీ ఫోనులో చెప్పినాను. అర నిమిషంలో చేసి ఇచ్చింది. అందులో ఉన్నోళ్లు ఎవురూ ఎక్కడా బతికినోళ్లు కాదు.”

ఆధార్ జిరాక్సు కోసం వచ్చిన రొయ్యల రైతు పెంచలప్రసాద్ ముందుగా నవ్వాడు.

“ఆ మాసిక ఎవురు కుట్టినారన్నావు పెదనాయనా? మళ్లీ చెప్పు, సరిగా ఇనపళ్లా.”

పద్మనాభయ్య మొహం ఎర్రబడింది. చేతిలోని పేపరు టపటపా కొట్టాడు. “ఇందుకే గదా చెప్పేది, చట్టం చేసి దీన్ని ఆపాలని! ఇయాల లేని పడవని మా నాయనదని నమ్మించినారు. రేపు నా పొలం ఇంకొకడిదని కాయితం పుట్టిస్తారు. అప్పుడు నవ్వుదువులే.”

“ఆపితే ఆగుద్దా? నా రొయ్యల గుంటలో నీళ్లు ఎట్టుండాయో ఇప్పుడు ఫోనే చెప్తా ఉంది.”

“చెప్పిందిలే! అమెరికావోడు రొయ్యల మీద సుంకం పెంచుతాడని చెప్పిందా, నువ్వు గుంటలో రొయ్య పిల్ల వదలక ముందు?”

ప్రసాద్‌కి ఆ మాట గట్టిగానే తగిలింది. అయినా ఊరుకోలేదు. “సరే. ఆ పొద్దు లారీలు వచ్చి మీ పడవలు పోయినాయే, అప్పుడు ఏం చట్టం చేసినారు పెదనాయనా?”

“మాకెవురు చేస్తారబ్బయా చట్టం?” అన్నాడు పద్మనాభయ్య. గొంతులో కోపం పోయింది. “మా నాయన పడవని ఇసకలోకి ఈడ్చి బోర్లించినాడు. దాని కింద మేం దాగుడుమూతలు ఆడుకున్నాం. ఆయన మాత్రం మళ్లా కాలువ దిక్కు పోలా.”



“మీ కొట్లాట అయిందా?” అంది మస్తానమ్మ. “గంపలోళ్లల్లో మూడో ఆమె మా అమ్మ. ఆమెని ఒక్కదాన్నే పెద్దగా తియ్యబ్బయా. మా ఆయనకి పటం ఉండాది, మా అత్తకి ఉండాది. కడాకి మా వియ్యంకుడికి కూడా దండేస్తా ఉండా. మా అమ్మకే లేదు.”

“అవ్వా, ఆమె ముఖం పక్కకి తిరిగి ఉంది. మీ అమ్మే అని ఎట్లా అనుకున్నావు? అసలు మీ అమ్మ ముఖం నీకు గుర్తుందా?”

“ముఖం ఏడ గుర్తుంటుంది? నేను ఇంత ఉండంగానే పోయింది గదా,” అంటూ తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

అడిగింది ఇచ్చి పంపిస్తే ఆమె సంతోషపడుతుంది. కానీ బతికున్నన్నాళ్లూ, పుట్టనే పుట్టని ఒక మనిషికి దండేసి దండం పెట్టుకుంటుంది. ఆ పాపం తనకొద్దనుకున్నాడు క్రాంతి. కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పి, బొమ్మలో ఆ మూడో ఆమె గంప పట్టుకున్న చేతిని పెద్దది చేశాడు.

“నా మాట నమ్మకపోతే ఇది చూడవ్వా. మిషన్ ఎంత బాగా చేసినా ఎక్కడో ఒక చోట ఇట్లా దొరికిపోతుంది. తాతా, ఆ చేతి వేళ్లు లెక్కపెట్టండి.”

పద్మనాభయ్య కళ్లజోడు సర్దుకొని తెర మీదికి వంగాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. అనుమానం వచ్చి మళ్లీ లెక్కపెట్టాడు.

“ఆరు!” అన్నాడు.

“దొరికింది దొంగ!” అని చప్పట్లు కొట్టాడు పెంచలప్రసాద్.

మస్తానమ్మ వాళ్లిద్దరి వైపూ చూడలేదు. కొంగుతో తెర మీది దుమ్ము తుడిచి, ఆ చేతిని మెల్లగా నిమిరింది. ఆమె కళ్లు నిండిపోయాయి.

“మరింకేం చూసి గుర్తుపట్టినాననుకున్నావబ్బయా? మా అమ్మ కుడిచేతికి ఉండింది ఆరు వేళ్లే!”