బోసి మెడ

“నా బిడ్డ ఆఖర్న ఏమని అరిచిందో వాడు చెప్తాడేమో రాజేంద్రా. అది యినలేను నాయనా. ఆడనే పడి చస్తానేమో.”

పోలీస్ స్టేషన్ మెట్ల కాడే ఓబులమ్మ ఆగిపోయింది. అల్లుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అందుకే వద్దంటి గదత్తా. పద, ఇంటికి పోదాం. శింగనమల బస్సు ఉండాది.”

“పోతే వాణ్ని మళ్ళీ యాడ చూస్తా? ఒక్క మాట అడగల్ల.”

లోపల మారెప్ప బేడీలతో నేల మీద కూర్చుని ఉన్నాడు. మోపెడ్ మీద ఊరూరా స్టీలు సామాన్లు అమ్మేవాడు. చేన్లల్లో ఒంటరిగా దొరికిన ఆడవాళ్ళ గొంతు నులిమి తాళిబొట్లు తెంపుకుపోయినాడు. నిన్న బుక్కరాయసముద్రం దగ్గర చెనక్కాయ పీకే ఆడకూలీలే వాణ్ని పట్టుకుని, చీరతో కట్టేసి అప్పగించినారు.

చచ్చినామె మెడకు పసుపుకొమ్ము కట్టిపోవడం వాడి అలవాటు. ముత్తైదువ మెడ బోసిగా ఉంటే పాపమట. ప్రాణం తీస్తే రాని పాపం! ఆ భయానికి ఊళ్ళల్లో ఆడవాళ్ళు తాళి పెట్టెలో దాచి, పసుపుకొమ్ము కట్టుకుని చేనికి పోయేవాళ్ళు. “వానికెందుకే శ్రమ, మనమే కట్టుకుంటే పోలా” అని నవ్వుకునేవాళ్ళు. ఓబులమ్మ కూతురు సువర్ణ మాత్రం తియ్యలేదు. మొగుడితో గొడవపడి పుట్టింటికి వచ్చినప్పుడు కూడా తియ్యలేదు. అల్లుడు బతిమాలి తీసుకుపోయిన వారానికే జొన్నచేన్లో శవమై కనపడింది. మెడలో తాళి లేదు. పసుపుకొమ్మూ లేదు. తొందరలో కట్టకుండా పారిపోయింటాడని అన్నారు.

ఓబులమ్మ వాడి ముందర కూలబడింది.

“అందరికీ కట్టినావంటనే. నా బిడ్డ ఏం పాపం చేసిందిరా? పసుపుకొమ్ముకు గూడా నోచుకోలేదా అది?”

“ఎవురమ్మా నీ బిడ్డ?”

“సువర్ణ. శింగనమల.”

మారెప్ప తల అడ్డంగా ఊపినాడు. “నేను శింగనమల దిక్కే పోలేదమ్మా.”

ఎస్సై చెయ్యెత్తినాడు. “నాటకాలాడొద్దు రా!”

“ఉరెక్కేవానికి నాటకాలెందుకు సార్? చంపినోళ్ళందర్నీ ఒప్పుకున్యా గదా. ఒక్క మెడ గూడా నేను బోసిగా ఇడ్సలేదు.”

ఎస్సై ఎత్తిన చెయ్యి మెల్లగా దించినాడు. గుమ్మం దగ్గర నిలబడిన రాజేంద్ర వైపు తిరిగినాడు.

“ఏమప్పా, ఆ పొద్దు చేన్లో శవాన్ని ఫస్టు చూసింది నువ్వే గదా?”



“నా అల్లుణ్ని అట్ల చూస్తారేంది సార్?” ఓబులమ్మ లేచింది. “అన్నం గూడా తినకుండా ఏడ్చినోడు. వాడేదో అబద్ధం కూస్తే మీరు నమ్ముతారా? చెప్పు నాయనా, నువ్వు చెప్పు.”

అతను నేల చూస్తా నిలబడినాడు. ఆమె భుజం పట్టి కుదిపింది. బయట బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆమె చెయ్యి అతని భుజం మీదే చల్లబడిపోయింది.

అతను ఆ చేతిని తన భుజం మీద నుంచి తీసినాడు.

“పసుపుకొమ్ము గూడా చేనికి తీసకపోయింటినత్తా. కట్టేకి చేతులు రాలేదు.”