గుంత లేని మగ్గం

ఇంట్లో కాళ్ళు గుంతలోకి దించి నేసే గుంతమగ్గం మీద చీరలు నేసి ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు ఎమ్మిగనూరు కొత్త షెడ్డులో ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి దుప్పటి నేయమన్నారు. ఈ వారంలో చెయ్యి కుదరకపోతే మగ్గం ఇంకొకరికిచ్చి, నన్ను నూలు కండెలు చుట్టే పనికి పంపుతారట.

అబ్బబ్బ, ఏం మగ్గమో! పోగును అటూ ఇటూ మోసే నాడెను చేత్తో విసరకూడదు, తాడు లాగాలి. లాగితే నాడె ఎగిరి అవతల పడింది. నా కాళ్ళేమో అలవాటు కొద్దీ గుంత కోసం గాలిలో వెతుకుతున్నాయి.

"ఏం మామా, ఈత నేర్చుకుంటాండావా?" అన్నాడు పక్క మగ్గం ఉరుకుందప్ప.

సేలంలో పని నేర్చుకొని వచ్చిన కుర్ర మేస్త్రీ నేను పొద్దున నేసింది చూసి "విప్పు" అన్నాడు. మధ్యాహ్నం నేసిందీ విప్పించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రానికి ఎలాగో పట్టుబట్టి జానెడు బట్ట నేశాను. మేస్త్రీ కళ్ళు మూసుకుని, బట్ట అడుగువైపు వేళ్ళతో తడిమాడు.

"ఈడ ఒక పోగు తప్పింది. విప్పు."

"కంటికే కనపడదు గదప్పా! పైగా ఆయన నిన్ను కన్న నాయన. ఈసారికి వదిలెయ్" అన్నాడు ఉరుకుందప్ప.

"ఇట్ల తడిమి సూసేది నాకు నేర్పింది ఆ నాయనే గదన్నా! సిన్నప్పుడు నేను ఏడ్సినా విప్పించినాడు."

నా తండ్రే, నా బంగారుకొండే! కళ్ళ నీళ్ళతో పోగు కనపడలేదు, తడుముకుంటూనే విప్పాను. రేపు నన్ను కండెలకు పంపితే పంపనీ. వీడి చేతుల్లో నా వేళ్ళు మగ్గాల మీదే ఉంటాయి.