తెల్ల పట్టీ

"నువ్వు ఇంకో మాట మాట్లాడకు. ఎవరేం అడిగినా నేను నేర్పింది ఒక్కటే చెప్పు. ఏదీ, అను?"

కూతురు అంది. ఓడ వాళ్ళ భాషలో, 'బాగున్నాను' అని.

"చివర్న కాస్త సాగదియ్యి. వాళ్ళు సాగదీస్తారు."

మళ్ళీ అంది. ఈసారి కుదిరింది. వెల్డరు ఆ పిల్లను చేతుల్లోకి ఎత్తుకుని వరసలో నిలబడ్డాడు.

భూకంపానికి ఊళ్ళో ఆసుపత్రి కూలిపోయింది. పొరుగు దేశపు సైన్యం తన ఆసుపత్రి ఓడను రేవుకు పంపింది. ఆ దేశం వాళ్ళు ఈ రేవులో చాలామందే పనిచేస్తున్నారు.

"సైన్యం ఓడ. ముందు వాళ్ళవాళ్ళనే చూసుకుంటారు," అన్నాడు వరసలో ఒకడు. "మనమైనా అంతేగా చేసేది."



పెళ్ళికి ముందు వెల్డరు ఆ దేశంలోనే పనిచేశాడు, ఓడలు కట్టే షెడ్డులో. భాష వచ్చు. అందుకే ఈ ధైర్యం.

కాగితాలు అందరివీ కూలిన ఇళ్ళ కిందే ఉండిపోయాయి. ఓడ ఎక్కేచోట ఒక నర్సు నిలబడి మనుషుల్ని మాట్లాడించి చూస్తోంది. తమ భాష పలికితే మణికట్టుకు తెల్ల పట్టీ. లేకపోతే నీలం పట్టీ.

"పాపకేమైందన్నా?"

"కడుపు మీద గోడ పడిందమ్మా. నొప్పంటోంది."

"మనది ఏ ఊరు?"

షెడ్డు ఉన్న ఊరి పేరు చెప్పాడు.

"అయ్యో, మా అత్తగారి ఊరి పక్కనే!" నర్సు నవ్వి పిల్ల వైపు వంగింది. "ఎలా ఉన్నావు బంగారం?"

"బాగున్నాను."

తెల్ల పట్టీ కట్టింది.

పైన డాక్టరు పిల్ల కడుపు నొక్కి చూశాడు. నొప్పిగా ఉందా అని అడిగాడు. పిల్ల తండ్రి మొహం చూసి, "బాగున్నాను" అంది.

"గట్టి పిల్లే," అన్నాడు డాక్టరు. ఆపరేషన్ చెయ్యాలి, పిలుస్తాం, కూర్చోమన్నాడు.

డెక్కు మీద కాన్వాసు నీడలో ఒక పక్క తెల్ల పట్టీలు, ఒక పక్క నీలం పట్టీలు. హద్దుగా తాడు కట్టారు. తాడు అవతల తమ వీధి టైలరు కనబడ్డాడు. అతని కాలును రెండు చెక్కల మధ్య కట్టారు.

"ఏం బావా," టైలరు గొంతు తగ్గించాడు. "ఎప్పుడు మారావు ఆ దేశానికి? ఇల్లయినా ఖాళీ చెయ్యలేదే!"

"నీకు దణ్ణం పెడతాను. అరవకు."

"వీధిలో ఆడవాళ్ళ కొలతలే ఎవరికీ చెప్పని నోరయ్యా ఇది. నీ సంగతి చెప్తానా? పిల్ల దక్కాలి, అంతే."

కాసేపటికి స్ట్రెచర్లు వచ్చాయి. మొదట నీలం పట్టీల వైపే వెళ్ళాయి. ఒక పిల్ల చెవి కమ్మలు తీసి తల్లి చేతిలో పెట్టారు. తల్లి ఏడుస్తూ స్ట్రెచర్ వెనకే ఇనుప మెట్లు దిగిపోయింది. స్ట్రెచర్ ఖాళీగా పైకొచ్చింది.

ఎవరి సొత్తు వాళ్ళకు అప్పజెప్పి, వైద్యం చెయ్యకుండానే కింది తలుపులోంచి రేవులోకి దించేస్తున్నారు, అనుకున్నాడు వెల్డరు. కూతుర్ని ఇంకాస్త దగ్గరకు తీసుకున్నాడు.

టైలరు వంతు వచ్చింది. అతను తాగబోతున్న నీళ్ళ గ్లాసు లాగేసుకున్నారు. గుక్కెడు నీళ్ళు కూడా తాగనివ్వరా అని వెల్డరుకు నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"వస్తా బావా. మన రాత ఇంతే," అన్నాడు టైలరు స్ట్రెచర్ మీంచి. "పిల్ల జాగ్రత్త."

వెల్డరు తల తిప్పుకున్నాడు.

తెల్ల పట్టీల వాళ్ళలో ఎవరికీ తొందర లేదు. ఒకాయన చెప్పులు తలకింద పెట్టుకుని గురక పెడుతున్నాడు. అది చూసి వెల్డరుకు ధైర్యం వచ్చింది. తప్పకుండా పిలుస్తారని తెలిసినవాడే అలా పడుకోగలడు.

"నాన్నా, చలేస్తోంది."

"ష్! మన మాట వద్దన్నానా?" అరచెయ్యి పిల్ల నోటికి అడ్డం పెట్టాడు. తన చొక్కా విప్పి కప్పాడు.

నర్సు అటుగా వచ్చింది. "ఎలా ఉన్నావు బంగారం?"

"బాగున్నాను." మాట పెదవి దాటి రావడమే కష్టమైంది. చివర్న మాత్రం సాగదీసింది.

"కాస్త త్వరగా..." అన్నాడు వెల్డరు. ఎక్కువ మాట్లాడితే యాస బయటపడుతుంది.

"వంతు వస్తుందన్నా. కాసేపు ఓర్చుకో."

ఎండ కాన్వాసు కిందికి వాలింది. తాడు అవతల ఒక్కొక్కరే తగ్గిపోయారు. చివరికి ఎవరూ మిగల్లేదు. స్ట్రెచర్ మోసేవాళ్ళు ఇటు తిరిగారు.

"ఇక మనదే," అన్నాడు వెల్డరు కూతురి చెవిలో.

కూతురు పలకలేదు. చెప్పినట్టే వింటోంది, అనుకున్నాడు.

నర్సు వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. డాక్టరును కేకేసింది. డాక్టరు వచ్చాడు, చూశాడు, నర్సు వంక చూసి తల అడ్డంగా ఊపాడు. కప్పిన చొక్కానే మొహం మీదికి లాగాడు.

"ముందు మనవాళ్ళకే కదమ్మా!" వెల్డరు అరిచాడు. "ఆ నీలం పట్టీల వాళ్ళందర్నీ వెనక్కి పంపేసేదాకా నోరు మూసుకునే కూర్చున్నాం కదా!"

నర్సు అతని భుజం మీద చెయ్యి వేసింది.

"వెనక్కి పంపటమేంటన్నా, ఆ మెట్ల కిందే ఆపరేషన్ గది, మనం ఎలాగూ ఈ ఓడలోనే ఇంటికి పోతాం, మనకి దారిలోనైనా చెయ్యొచ్చు, ఈ ఊరివాళ్ళకి మళ్ళీ ఎవరు దొరుకుతారని ముందు వాళ్ళకే చేసేశారు."