నీళ్ళు కారే బండి

బండి కింద మళ్ళీ నీళ్ళు.

ఎడారి నేల ఎంత తాగినా, పొద్దెక్కేసరికి కాపురముండే ఆ ట్రైలర్ కింద అరచేయంత మడుగు తేలుతోంది.

లోర్నా దానిమీద ఎండుమట్టి తోసి చదును చేసింది.

"కప్పెట్టావా?" లోపల్నుంచి మొగుడు వెర్లిన్ గుసగుసగా అడిగాడు.

"కప్పెట్టాను. పగలు నోరెత్తొద్దన్నానా! ఊరుకో."

టాయిలెట్ వెనక, నీళ్ళ గొట్టం వచ్చి కలిసే చోట కారుతోంది. అక్కడి ప్లాస్టిక్ నట్టును లోర్నాయే పానా పెట్టి బలంకొద్దీ బిగించింది. అది కాస్తా పగిలి ఊరుకుంది. ఆ తర్వాత చుట్టిన టేపుకు లెక్కలేదు. కింద చెక్క ఉబ్బిపోయి, కాలు వేస్తే మెత్తగా దిగుతోంది.

బాగుచేసేవాణ్ణి పిలిస్తే లోపలికి వస్తాడు. లోపలికి వస్తే వెర్లిన్‌ని చూస్తాడు.

ఇలాంటి ఇంటిబండ్లు అద్దెకు నిలుపుకునే ఆ పార్కులో జైలుకెళ్ళొచ్చినవాడికి చోటు లేదు. ఆఫీసు కాగితాల్లో లోర్నా ఒంటరిది. ఊపిరితిత్తులు పాడైన వెర్లిన్ పరదా వెనక మంచం మీద, దగ్గొస్తే దిండులో మొహం దాచుకుని బతుకుతున్నాడు. మడుగు కనబడిందంటే మేనేజరు తలుపు తడతాడు. సంగతి బయటపడితే ఇద్దర్నీ గెంటేస్తారు. అంత పాత బండిని అరిజోనాలో ఇంకే పార్కూ రానివ్వదు. ఆ మనిషిని ఈ ఎండల్లో రోడ్డు మీద పెట్టడమంటే చంపుకోవడమే.

"నీవాళ్ళెవరికైనా కబురు పెట్టనా?" అని ఆ మధ్య అడిగింది.

"జైలుకెళ్ళిన రోజే వాళ్ళకి నేను చచ్చాను. ఇప్పుడు లేచొచ్చి దడిపించడం దేనికి?" అని నవ్వబోయి, దగ్గాడు.

తలుపు చప్పుడైంది.

లోర్నా పరదా లాగేసి, తలుపు ఓరగా తీసింది. ముప్పై దాటిన మనిషి. నడుముకు పనిముట్ల పటకా, చేతిలో టోపీ.

"అమ్మా, ఇది వెర్లిన్ గారి బండేనా?"

ఈ పార్కులో ఆ పేరు ఎవరికీ తెలియదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరింతకుముందున్న పార్కులో అడిగానమ్మా."

ఇంకేముంది! ఎవరిమీదైనా అనుమానమొస్తే ఆఫీసువాళ్ళు చేసే మొదటి పని అదే, పాత పార్కువాళ్ళను అడగడం.

"ఆఫీసు పంపిందా?"

"కాదమ్మా, నేను..."

"వెర్లిన్ లేడు. చచ్చిపోయాడు. రెండు చలికాలాలైంది. చాలా?"

అతను అలాగే నిలబడిపోయాడు. చేతిలో టోపీ నలిగిపోయింది. అబద్ధం పట్టేశాడు, ఐపోయింది అనుకుంది లోర్నా.

అంతలో అతని చూపు బండి కిందికి పోయింది.

"నీళ్ళు కారుతున్నాయి."

"ఏసీ నీళ్ళు."

"కాదమ్మా, టాయిలెట్ గొట్టం. ఇలాంటి బండ్లు బాగుచేయడమే నా పని. ఇంతదూరం వచ్చాను. ఇదైనా చేసి పోనివ్వండి."

వద్దంటే అనుమానం. రమ్మంటే గండం.

"సరే, రా. అటు మాత్రం చూడకు, నా బట్టలున్నాయి."

అతను బయట కుళాయి కట్టేసి వచ్చి, టాయిలెట్ పక్కన ఇరుక్కుని పడుకున్నాడు. అతని కాళ్ళకూ పరదాకూ మధ్య జానెడు జాగా కూడా లేదు. లోర్నా పరదాకు వీపు ఆనించి నిలబడింది. వెనక వెర్లిన్ ఊపిరి బిగబట్టాడని ఆమెకు తెలుస్తూనే ఉంది.

పగిలిన నట్టు తీసేసి, కొత్త నట్టూ వాషరూ వేశాడు.

"దీనికి పానా పెట్టకండమ్మా. చేత్తో బిగిస్తే చాలు."

"ఊఁ."

"ఆయన్ని ఎక్కడ పూడ్చారు?"

రుజువడుగుతున్నాడు, గడుసువాడే!

"పూడ్చలేదు. కాల్చి, బూడిద గాలికి వదిలేశాను."

అతను నేలంతా తన గుడ్డతోనే శుభ్రంగా తుడిచి, కుళాయి తిప్పి, చుక్క కారడం లేదని చూసుకుని వెళ్ళిపోయాడు.

"పోయాడా?" వెర్లిన్ అడిగాడు.

"పోయాడు. గండం గడిచింది."

"మెత్తటి గొంతే లోర్నా. పరదా తీసి ఒక్క మాట మాట్లాడదామనిపించింది. నువ్వు కాక ఇంకో మనిషితో మాట్లాడి ఎన్నాళ్ళైందో."

"మాట్లాడు, మాట్లాడు. ఇద్దరం రోడ్డున పడదాం."

ఎంత మాట నేర్చిన ఆడది! ఆ పూట తన తెలివికి తనే మురిసిపోయి, కడుపునిండా తిన్నది.

మర్నాడు గేటు దగ్గరి బండిలో ఉండే ఓపల్ వచ్చింది. చేతిలో, చావింటికి వండి తీసుకెళ్ళే మాకరోనీ గిన్నె.

"మొగుడు పోయాడని ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాటైనా అనలేదేమే పిల్లా! అసలు నీకు మొగుడున్నాడనే తెలీదు నాకు."

"ఎవరు చెప్పారు?"

"నిన్న నీ దగ్గరికొచ్చిన ఆ అబ్బాయే. గేటు దగ్గర బండాపుకుని, స్టీరింగు మీద తలపెట్టి ఒకటే ఏడుపు."

"ఆఫీసువాడు ఏడవడమేంటి?"

"ఆఫీసేంటే, నీ మొహం! ఎటు పోతావు నాయనా అంటే, ఇక వెతకాల్సిన పనిలేదు, ఎటెళ్తే ఏంటన్నాడు. పేరూ చెప్పలేదు, ఊరూ చెప్పలేదు."

పరదా వెనక మంచం కిర్రుమంది.

"ఎవరతను?" లోర్నా అడిగింది.

"నీకు చెప్పుకోలేదా? తండ్రి మొహమైనా గుర్తులేదట, బతికుంటే ఒక్కసారి చూడాలని పార్కు పార్కూ వెతుక్కుంటూ వచ్చాడు పాపం, మీ ఆయన కొడుకు."