పటేలు చెప్పిన మరమ్మతు

విరూపాక్ష ఎడమ చేతిని దాగలి దిమ్మ మీద పరిచి పట్టుకున్నాడు పటేలు మనిషి బస్వరాజ్. అతని కుడి చేతిలో సుత్తి ఉంది. అదీ విరూపాక్షదే.

"చిటికెన వేలుతోని షురూ జెయ్," అన్నాడు శరణప్ప పటేలు, కొలిమి ముందు మంచం వేయించుకుని కూర్చుని.

సుత్తి పడింది. విరూపాక్ష అరుపుకు ఎదురింటి కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

"ఇంక తొమ్మిదున్నయ్. ఇప్పుడు చెప్పు. మరమ్మతు చేస్తవా, చెయ్యవా?"

మరమ్మతు చెయ్యాల్సింది ఆట కత్తి. కోహీర్ దగ్గరి ఆ ఊళ్లో ఏటా జాతరకు బాగోతం ఆడతారు. కత్తులు, డాళ్లు, కిరీటాలు, ఛాతీకి కట్టే రేకులు, ఏది విరిగినా కమ్మరి విరూపాక్షే దిక్కు. లక్కలో ఇటుక పొడి కలిపి ముద్దలు తనే చేసి పెట్టుకుంటాడు. ఊడిన పిడిలో ఆ ముద్ద కరిగించి పోశాడంటే ఏనుగు లాగినా కత్తి కదలదు. ఇరవై ఏళ్లలో అతను బాగుచేసిన ఏ కత్తీ ఎవరి ఒంటి మీదా గీత పెట్టలేదు.

ఆఖరి యుద్ధంలో రాజు వేషం బస్వరాజ్‌ది, రాక్షసుడి వేషం అమర్నాథ్‌ది. రాజు పొడుస్తాడు. మొద్దు మొన రాక్షసుడి ఛాతీ మీది రేకుకు తగిలి టంగుమంటుంది. జనం ఈలలేస్తారు. రాక్షసుడు పడిపోతాడు.

ఈసారి పడినవాడు లేవకూడదని పటేలు కోరిక. నెల కిందట ఆయన చెరకు తోటలో ఒక కూలిని కొట్టి చంపారు. కొట్టింది బస్వరాజ్, కొట్టించింది పటేలు, కళ్లారా చూసింది అమర్నాథ్. సోమవారం సంగారెడ్డి కోర్టులో సాక్ష్యం. జాతర శనివారం.

"మొన సూది లెక్కుండాలె," అన్నాడు పటేలు. "పానం తియ్యాలె."

"ఎవరి పానం పటేలా?"

పటేలు నవ్వాడు. గోడలకు చెవులుంటాయని తెలిసిన మనిషి. పేరు నోట రానివ్వలేదు.

"అది గుడ నేనే చెప్పాల్నా? పానం తియ్యమన్న. గంతే."

విరూపాక్ష నలిగిన వేలును చూసుకున్నాడు. మిగతా తొమ్మిదింటినీ చూసుకున్నాడు.

"సరే పటేలా. తీస్త."

లోపలి నుంచి అంతా విన్న అతని భార్య భాగీరథి పసుపద్ది వేలికి కట్టు కట్టింది. ముడి పళ్లతో బిగించి అంది:

"అమర్నాథ్ నన్ను అక్కా అంటడు. నాగుల పంచమికి చీర పెట్టిండు."

"ఎరుకే."

"ఎరికుండి గుడ చేస్తవా?"

"మాటిచ్చిన. పానం తీస్తనన్న, తీస్త."

ఆమె మళ్లీ అతని ముఖం చూడలేదు. ఆ పూట జొన్నరొట్టె కుక్కకు పెట్టినట్టు గడప అవతల పెట్టి పోయింది.

ఆ కత్తి జహీరాబాద్‌లో కొన్న లారీ కమాను పట్టీని కొట్టి చేసింది. అసలు సిసలు ఉక్కు. విరూపాక్ష తిత్తి ఊది దాన్ని కణకణలాడేదాకా కాల్చాడు. నీళ్ల తొట్టి పక్కనే ఉంది. అటు చూడనైనా చూడలేదు. కత్తిని బూడిద కుప్పలో పూడ్చి, మర్నాటిదాకా అలాగే వదిలేశాడు. తర్వాత మొన నూరాడు. పిడిలో లక్క పోశాడు. ఏమాత్రం తేడా వచ్చినా ఏమవుతుందో అతనికి తెలుసు.

పటేలు వచ్చి మొనకు బొటనవేలు ఆనించాడు. చుక్క రక్తం పొడుచుకొచ్చింది. దాన్ని చీకి, "శభాష్," అన్నాడు.

ఆ ఏడు ఆట పగలే పెట్టించాడు. నలుగురి కళ్ల ముందూ జరిగితే పొరపాటున తగిలిందంటారు కదా. బందోబస్తుకొచ్చిన పోలీసులకు ముందు వరసలో కుర్చీలు కూడా వేయించాడు. ఎంత మర్యాదో.

యుద్ధం మొదలైంది. బస్వరాజ్ వస్తూనే డాలు అంచుతో అమర్నాథ్ మూతి పగలగొట్టాడు. పన్ను ఊడి మట్టిలో పడింది. కారిన నెత్తురును జనం రంగు నీళ్లనుకుని చప్పట్లు కొట్టారు. కిందపడ్డవాణ్ణి పక్కటెముకల మీద తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు ముందు వరసకు వినిపించింది. ఇది ఆట కాదని అమర్నాథ్‌కు అప్పుడర్థమైంది. పాకుతూ పోబోయాడు. బస్వరాజ్ అతని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి పందిరి గుంజకు ఆనించాడు. రెండు చేతులా పిడి పట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుండెల్లో పొడిచాడు.

భాగీరథి కళ్లు మూసుకుంది. విరూపాక్ష మూసుకోలేదు.

రేకు చొట్టపడింది. కత్తి చెరకాకులా వంగిపోయింది.

బస్వరాజ్ మళ్లీ పొడిచాడు. కత్తి ఇంకా వంగింది. మూడోసారికి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల మధ్య అమర్నాథ్ నెత్తురు మూతితో వెళ్లి పోలీసుల కాళ్ల దగ్గర పడ్డాడు.

పటేలు ఒళ్లు మరిచాడు. విరూపాక్ష గల్లా పట్టి మూతి మీద గుద్దాడు. పెదవి చీలింది. మళ్లీ గుద్దాడు.

"పానం తియ్యమని చెప్పలేదారా నీకు?" అని జాతరంతా వినేటట్టు అరిచాడు.

నవ్వులు ఆగిపోయాయి. పోలీసు జమేదారు కుర్చీలోంచి లేచాడు.

"ఎవరి పానం పటేలా?"

పటేలు గల్లా వదిలేశాడు. విరూపాక్ష నెత్తురు ఉమ్మి, చేతులు జోడించాడు.

"కత్తిదే సార్, ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచితె ఉక్కుకు ఎక్కే గట్టిదనాన్నే మా కమ్మరోళ్లు పానమంటరు, పటేలు తియ్యమన్నడు, తీసిన."