సారీ చెప్పని నేల

మా అపార్ట్‌మెంట్ పార్కులో పిల్లలు ఆడుకునే చోట కొత్త నేల వేయించే పని కమిటీ వాళ్లు నా నెత్తిన పెట్టారు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే రకం, మాట్లాడే తెలివైన నేల. పిల్లాడు పడబోతే పరుపులా మెత్తబడుతుంది, "సారీ కన్నా" అంటుంది, మెల్లగా లేపి నిలబెడుతుంది. పిల్లలేమో కావాలని పడుతున్నారు. పొద్దస్తమానం ఆ సారీలు వినలేక చస్తున్నాను.

"మామూలు మట్టి దొరకదా?" అని షాపాయన్ని అడిగాను.

"మట్టా మేడమ్? దానికేం తెలీదండీ!"

"నాక్కావలసింది అదేనయ్యా బాబూ!"

అందరితో పోట్లాడి మట్టే పోయించాను. మొదటి రోజే మా మనవడు నిహాల్ పరిగెత్తి బోర్లా పడ్డాడు. మోకాలు గీరుకుపోయినా ఏడవకుండా అలాగే పడుకున్నాడు.

"లేవరా!"

"ఇది లేపట్లేదు అమ్మమ్మా. సారీ కూడా చెప్పట్లేదు."

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు మా అమ్మ చేసినట్టే వంగి, "మా బంగారాన్ని పడేస్తావా?" అంటూ నేలని టపటపా కొట్టాను.

వాడు గభాల్న లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టకు అమ్మమ్మా, పాపం దానికేం తెలీదు. నేనే చూసుకోకుండా పరిగెత్తాను."