తాగనివాళ్ల క్లాసు

“ఎన్నాళ్లకోసారి తాగుతావ్?” శ్యామల గద్దించింది.

“ఏకాదశి తప్ప రోజూ అక్కా,” అన్నాడు భరద్వాజ్.

“మధ్యలో ఏకాదశి ఎందుకురా?”

“ఆ రోజు నేను ఉపవాసం కదా!”

శ్యామల తల పట్టుకుంది. తాగి కారు నడిపి దొరికినవాళ్లను కోర్టు పంపే క్లాసు ఇది. నడుస్తున్న క్లాసును ఇన్‌స్పెక్టర్ కళ్లారా చూస్తేగాని ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వదు. లైసెన్స్ లేనిదే కోర్టు ఒక్క తాగుబోతునూ పంపదు. ఏ మహానుభావుడు రాశాడో ఈ రూల్సు! ఇవాళ లైసెన్స్ రాకపోతే కెనడాలోని సార్నియా ఊళ్లో ఈ సెంటర్‌కు తాళమే. శ్యామల ఉద్యోగమూ, దాన్ని నమ్ముకున్న శాశ్వత నివాసపు పీఆరూ గంగలో కలిసినట్టే.

అందుకే తనుండే బేస్‌మెంట్‌లోని కాలేజీ పిల్లలను తెచ్చి తాగుబోతులుగా కూర్చోబెట్టింది. ఒక్కరూ బీరు వాసన చూసి ఎరగరు. వీసా ఇంటర్వ్యూకి బట్టీ పట్టినట్టే దీనికీ పట్టారు.

ఇన్‌స్పెక్టర్ బస్సు దిగి, మంచులో నడిచి, గంట ఆలస్యంగా వచ్చారు. పేరు రామ్మోహన్, తెలుగాయనే. శ్యామల గుండెల్లో రాయి పడింది. మనవాళ్లను బోల్తా కొట్టించడం మనవాళ్ల తరం కాదు.

“ఎందుకమ్మా తాగుతున్నావ్?” ముందు వరసలో కూర్చున్న ధాత్రిని అడిగారాయన.

“మందు నా అకడమిక్ బ్యాక్‌గ్రౌండ్‌కి సరిపోతుంది సార్. తాగడం పూర్తవగానే తప్పకుండా ఇండియా వెళ్లిపోతాను.”

శ్యామల కళ్లు మూసుకుంది.

“మరి నీకు ఖర్చెవరు పెడుతున్నారు?” అన్నారు భరద్వాజ్‌తో.

“మా నాన్నే స్పాన్సర్ సార్!”

రామ్మోహన్ గారు నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించి అడిగారు. “ఇంట్లో తెలుసా బాబూ?”

ఈ ప్రశ్నకు జవాబు బట్టీ పట్టలేదు. తను తాగుతాడని అమ్మ వింటే ఏమైపోతుందో తల్చుకుని భరద్వాజ్ నిజంగానే బావురుమన్నాడు. రామ్మోహన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“శనివారాలు కూడా క్లాసుంటుందా అమ్మా?”

“ఉంటుంది సార్.”

“మంచిది. పక్క ఊరి సెంటర్‌కు పోవాలంటే కారు లేనివాళ్లకు నరకం.”

సంతకం పెట్టి లైసెన్స్ చేతికిచ్చారు. సంతోషం పట్టలేక శ్యామల నోరు జారింది.

“థాంక్స్ సార్! ఇక అసలు తాగుబోతులు కూడా వస్తారు!”

శ్యామల నాలుక కరుచుకుంది. రామ్మోహన్ గారు మెడలోని గుర్తింపు కార్డు తీసి జేబులో పెట్టుకుని, వెళ్లి భరద్వాజ్ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నారు.

“నా పేరు రాసుకోమ్మా, కోర్టు ఆర్డరు నాకుంది.”